ప్రత్యర్థే పానా అందిస్తే...

అరవై ఏళ్ళ నాటి పందెం కార్లు ఇవాళ్టికీ పరుగులు తీస్తున్నాయంటే అది డబ్బు ఒక్కదాని మహిమే కాదు. మన ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడాల్లాంటి ఓ మంచి అలవాటు దాని వెనక ఉంది!

కుక్కరు గాస్కెట్ పోయింది. బజారుకి వెళ్తే, "ఈ మోడలు ఇప్పుడు రావడం లేదమ్మా" అన్నాడు షాపతను. అమ్మమ్మ నాటి కుట్టుమిషనుకి బాబిన్ కేసు విరిగింది. "ఆ కంపెనీయే మూసేశారు, కొత్తది కొనేసుకోండి" అన్నాడు మెకానిక్కు. ఇలాంటి అనుభవం ఎదురుకాని ఇల్లాలు ఉండదేమో! వస్తువు బంగారంలా ఉంటుంది. చిన్న ముక్క దొరక్క మూలన పడుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? పక్కింటి పిన్నిగారినో, మేడమీది అక్కయ్యగారినో అడుగుతాం. "మీ దగ్గర పాతదేమన్నా పడుందా అండీ?" అని. వాళ్ళ అటక మీద అలాంటిదే ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంటుంది. సాయంత్రానికల్లా మన మిషను మళ్ళీ టకటకలాడుతుంది.

సరిగ్గా ఇదే పద్ధతిలో కొన్ని వందల పాత రేసుకార్లు బతికి బట్టకడుతున్నాయంటే నమ్ముతారా? అదీ ఎవరి మధ్య? ఒకరినొకరు ఓడించాలని వచ్చినవాళ్ళ మధ్య!

"రేసుకార్ల గొడవ మనకెందుకమ్మా, అదంతా మగవాళ్ళ పిచ్చి" అని పేజీ తిప్పేయకండి. ఈ కథ మొదలైంది పొదుపుతో. సాగుతున్నది సర్దుబాటుతో. ఈ రెండింటిలోనూ మనల్ని మించినవాళ్ళు ఎవరున్నారు చెప్పండి!

చక్రాలు బయట, మనిషి లోపల

ముందుగా ఈ కార్లు ఎలా ఉంటాయో చూద్దాం. మన వీధిలో తిరిగే కార్లకి చక్రాలు రేకుల కింద దాగుంటాయి. ఈ పందెం కార్లకి అలా కాదు. నాలుగు చక్రాలూ నాలుగు పక్కలకి పొడుచుకొచ్చి బయటికే కనిపిస్తుంటాయి. మధ్యలో సన్నటి పడవలాంటి ఒళ్ళు. అందులో ఒక్కడికే చోటు. పైన కప్పు ఉండదు. సన్నటి ఉక్కు గొట్టాలని అల్లి అతికించిన చట్రం, దాని మీద అల్యూమినియం రేకో ఫైబర్‌గ్లాసో కప్పిన పలచటి తొడుగు. అంతే కారు!

టీవీలో చూపించే ఫార్ములా వన్ కార్లు ఈ జాతివే. కాని మనం చెప్పుకోబోయేది వాటి చెల్లెళ్ళ గురించి. వాటి పేరు 'ఫార్ములా జూనియర్'.

పద్మిని ఇంజనుతో పందెం

1950ల్లో ఇటలీలో ఓ చిక్కు వచ్చిపడింది. కార్ల పందేలంటే ఆ దేశంలో అందరికీ మోజే. కాని పెద్ద రేసుకారు కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. కుర్రవాళ్ళు నేర్చుకోవడానికి తగిన చిన్న కారు లేదు. అప్పుడు జొవాన్ని లురానీ అనే ఆయన ఓ ఉపాయం చెప్పాడు. ఆయన జమీందారీ వంశస్థుడు, స్వయంగా పందేల్లో పాల్గొన్నవాడు, పత్రికల్లో రాసేవాడు కూడా. "పందెం కోసం ప్రత్యేకంగా ఇంజను తయారుచేయించకండి. ఇళ్ళల్లో వాడుకునే మామూలు కారు ఇంజనే తీసుకోండి. గేరుబాక్సు డొక్కు కూడా మామూలు కారుదే ఉండాలి. బ్రేకులు కూడా ఆ కారుకి ఉన్న రకమే ఉండాలి" అన్నాడు.

ఆయన మాట మీద 1958లో ఇటలీలో ఈ పందేలు మొదలయ్యాయి. మర్నాటి ఏడు, అంటే 1959లో, ప్రపంచ మోటారు సమాఖ్య గుర్తింపు కూడా వచ్చింది. నియమాలు తేలిక. ఇంజను 1000 సీసీ లోపు అయితే కారు బరువు కనీసం 360 కిలోలు ఉండాలి. 1100 సీసీ దాకా అయితే 400 కిలోలు. అంటే మన ముర్రాజాతి గేదె కన్నా తేలికన్నమాట!

ఇటలీవాళ్ళు ఎక్కువగా వాడిన ఇంజను ఏమిటో తెలుసా? ఫియట్ 1100. మన దేశంలో మొదట ఫియట్‌గా, తర్వాత ప్రీమియర్ పద్మినిగా తిరిగిన కారు ఇంజనూ ఆ వంశంలోదే. పెళ్ళికూతుర్ని అత్తవారింటికి దింపి వచ్చిన కారు, ఆస్పత్రికి అర్ధరాత్రి పరుగెత్తిన కారు, బొంబాయిలో నలుపు-పసుపు రంగుల్లో టాక్సీగా తిరిగిన కారు... ఆ ఇంజనుకి దూరపు అక్కచెల్లెళ్ళే ఇటలీలో పందెం కట్టాయి. మొదేనా ఊళ్ళోని స్టాంగ్వెల్లీని అనే చిన్న కంపెనీ వాటితో చేసిన కార్లు తొలి ఏళ్ళలో మహా జోరుగా గెలిచాయి.

తర్వాత ఇంగ్లండువాళ్ళు రంగంలోకి దిగారు. లోటస్, కూపర్, లోలా, ఎల్వా, జెమినీ... ఇలా ఒకటా రెండా! వాళ్ళు ఫోర్డ్ ఆంగ్లియా అనే చిన్న కుటుంబాల కారు ఇంజను తీసుకుని, దాన్ని వెనక్కి, డ్రైవరు వీపు దగ్గరికి మార్చేశారు. దాంతో ఇంజను ముందుండే ఇటలీ కార్లు వెనకబడ్డాయి. తర్వాత రోజుల్లో పెద్ద పేరు తెచ్చుకున్న కాస్‌వర్త్ అనే ఇంజన్ల కంపెనీ నిలదొక్కుకున్నది కూడా ఈ ఆంగ్లియా ఇంజనుకి మెరుగులు దిద్దే పనితోనే.

1960 మార్చిలో ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో జరిగిన ఫార్ములా జూనియర్ పందెంలో మొదటివాడు జిమ్ క్లార్క్, రెండోవాడు జాన్ సర్టీస్. సర్టీస్ అప్పటికే మోటారు సైకిళ్ళ ప్రపంచ విజేత. కారు పందెం మాత్రం అతనికి అదే తొలిసారి! తర్వాత 1963లో, 1965లో క్లార్క్ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. 1964లో సర్టీస్ అయ్యాడు. రెండు చక్రాల మీదా నాలుగు చక్రాల మీదా ప్రపంచ విజేత అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే. వీళ్ళందరూ ఓనమాలు దిద్దుకున్న పలక ఈ చిన్న కారే.

కాబోయే భార్య ఇచ్చిన అప్పు

ఇక్కడ ఓ ఇల్లాలి సంగతి చెప్పుకోవాలి. పైన లోటస్ పేరు చెప్పాను కదా. దాన్ని స్థాపించిన కోలిన్ చాప్‌మన్ తన మొదటి కారుని 1948లో కట్టింది ఎక్కడో కాదు, తన స్నేహితురాలు హేజెల్ వాళ్ళ పుట్టింటి వెనక ఉన్న గారేజీలో. పాత ఆస్టిన్ సెవెన్ కారు ముక్కలతో కట్టాడు. 1952లో లోటస్ కంపెనీ పెట్టడానికి చేతిలో డబ్బు లేకపోతే 25 పౌండ్లు ఇచ్చింది కూడా హేజెలే. అప్పటికింకా వాళ్ళ పెళ్ళి కాలేదు. 1954లో పెళ్ళయ్యాక కంపెనీ పనుల్లో ఆవిడ ఏళ్ళ తరబడి భర్తకి అండగా నిలబడింది. 2021లో కన్నుమూసింది.

1992లో వాళ్ళబ్బాయి క్లైవ్ ఓ సంస్థ పెట్టాడు. దాని పని ఏమిటంటే, తండ్రి నాటి పాత లోటస్ రేసుకార్లని చక్కగా బాగుచేసి నడిచే స్థితిలో ఉంచడం. అమ్మ గారేజీలో పుట్టినవాటిని కొడుకు కాపాడుకొస్తున్నాడన్నమాట!

ఒక్కసారిగా అనాథలు

1963 చివరితో ఫార్ములా జూనియర్ ముగిసిపోయింది. ఆ స్థానంలో వేరే నియమాలతో వేరే పందేలు వచ్చాయి. నిన్నటి దాకా ముద్దుగా చూసుకున్న కార్లు ఒక్క ఏడాదిలో ఎందుకూ కొరగాకుండా పోయాయి. కొన్నిటికి వేరే ఇంజన్లు బిగించి వాడేశారు. కొన్ని పాకల్లో కోళ్ళ పక్కన పడున్నాయి. కొన్ని సముద్రాలు దాటి వేరే దేశాలకి పోయాయి. వాటిని చేసిన చిన్న కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. నమూనాలు పోయాయి, మూసలు పోయాయి, కొలతలు రాసిన కాగితాలు పోయాయి.

అమ్మ పెట్టే ఆవకాయ గుర్తుందా? "కారం ఎంతమ్మా?" అంటే "చూసి వెయ్యడమే" అంటుంది. కొలత ఆవిడ చేతిలో ఉంటుంది. రాసి పెట్టుకోకపోతే ఆవిడతోనే పోతుంది. ఈ కార్ల విషయమూ అంతే. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ కమ్మీ ఎంత వంపు ఉండాలో ఆనాటి మెకానిక్కుల చేతులకి తెలుసు. ఆ చేతులు ముసలివైపోయాయి.

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

ముందు లెక్క, తర్వాత పక్క

ఇంగ్లండులో కొందరు కార్ల యజమానులు కలిసి ఫార్ములా జూనియర్ హిస్టారిక్ రేసింగ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. డంకన్ రబాలియాటి అనే చరిత్రకారుడు దశాబ్దాల తరబడి దాన్ని ముందుండి నడిపించాడు. వాళ్ళు ముఖ్యంగా పట్టుకున్న పని ఏమిటనుకున్నారు? పందెం కాదు. లెక్క రాయడం! ఏ కంపెనీ ఎన్ని కార్లు చేసింది, ఏ నెంబరు కారు ఎవరు కొన్నారు, ఎవరికి అమ్మారు, ఇప్పుడెక్కడుంది... ఇలా ఒక్కో కారుకీ ఓ జాతకం తయారుచేయడం.

దీని అవసరం ఏమిటంటారా? రెండున్నాయి. మొదటిది, ఎవరి దగ్గర ఏ కారు ఉందో తెలిస్తేనే కదా ఎవరిని ఏ ముక్క అడగాలో తెలిసేది! రెండోది మోసం. పాత రేసుకార్లకి ధర పెరిగేకొద్దీ కేటుగాళ్ళు తయారయ్యారు. విరిగిపోయిన ఒక కారు చట్రం ఒకడు కొంటాడు, అదే కారు ఇంజనూ నెంబరు పలకా ఇంకొకడు కొంటాడు. ఇద్దరూ మిగతాదంతా కొత్తగా చేయించి "ఇదే అసలు కారు" అంటారు. ఒక్క కారు రెండైపోతుంది! పాపం తెలియక కొన్నవాడు నిలువునా మునుగుతాడు. నలుగురూ కలిసి రాసుకున్న లెక్క ఉంటే ఈ ఆటలు సాగవు. బంగారం కొనేటప్పుడు మనం హాల్‌మార్కు చూసుకోమూ? అలాగన్నమాట.

పైగా పాత కార్ల పందేల్లో ఓ గట్టి నియమం ఉంది. ఆ రోజుల్లో కారు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉండాలి. సులువుగా దొరుకుతోంది కదా అని ఇవాళ్టి గేరుబాక్సో బ్రేకులో తెచ్చి బిగిస్తే ఒప్పుకోరు. అప్పటి ముక్క లాంటి ముక్కే కావాలి. అది బజార్లో దొరకదు. మరి ఎలా?

పదిమంది కలిస్తే ఒక ముక్క

ఓ ఉదాహరణ చూద్దాం. చక్రాన్ని పట్టి ఉంచే ఓ పోత ముక్క పగిలిందనుకోండి. అలాంటి కారు ఉన్న ఇంకో యజమాని తన కారు విప్పి, పగలని ముక్కని కొలతలకి ఇస్తాడు. గమనించారా? ఇద్దరూ ఒకే పందెంలో పోటీదార్లు! ఈయన ముక్క ఇవ్వకపోతే ఆయన పందేనికే రాలేడు. అయినా ఇస్తాడు.

ఆ ముక్కని చూసి కొయ్యతో నమూనా చేస్తారు. అసలు కొలత కన్నా కాస్త పెద్దగా చేయాలి. ఎందుకంటే కరిగించి పోసిన లోహం చల్లారాక కొంచెం కుంచించుకుపోతుంది. ఆ నమూనాని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. అందులో లోహం పోస్తారు. చల్లారాక ఇసుక దులిపి, లేతు మిషను మీద సాపుచేసి, చిల్లులు పెడతారు. మన ఊళ్ళల్లో ఇత్తడి సామాను పోత పోసే పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇప్పుడు కొందరు కంప్యూటరుతో కొలతలు తీయిస్తున్నారు కూడా.

ఇందులో ఖరీదైనది లోహం కాదు, నమూనా. మాటవరసకి నమూనా చేయించడానికి లక్ష రూపాయలు అవుతుందనుకోండి. ఒక్కడే చేయిస్తే లక్షా అతని నెత్తినే. అలాంటి కార్లున్న పదిమంది కలిస్తే తలా పదివేలు. పైగా ఆ నమూనా భద్రంగా ఉంటుంది. రేపు పదకొండోవాడికి అవసరమైతే మళ్ళీ మొదటికి వెళ్ళక్కర్లేదు. మన చీటీపాటల్లా, అపార్టుమెంటులో అందరూ కలిసి టోకున బియ్యం బస్తాలు తెప్పించుకున్నట్టు! తేడా ఏమిటంటే ఇక్కడ కలిసేవాళ్ళు మర్నాడు ఒకరినొకరు దాటిపోవాలని పళ్ళు బిగించేవాళ్ళు.

పందెం రోజున ఇంకో రకం సాయం. కార్లు నిలిపే మైదానంలో ఒకరి పక్కన ఒకరు గుడారాలు వేసుకుంటారు. ఒకరికి క్లచ్ తీగ తెగుతుంది, ఇంకొకరికి కార్బొరేటరు మొరాయిస్తుంది. వెంటనే కబురు పాకుతుంది. ఒకాయన పెట్టెలోంచి తీగ తెస్తాడు, ఇంకొకాయన పానా పట్టుకొస్తాడు, మూడో ఆయన కిందకి దూరి బిగించేస్తాడు. సాయంత్రం పందెంలో ఆ కారే సాయం చేసినాయన్ని దాటిపోయినా ఆశ్చర్యం లేదు!

ఇది చదువుతుంటే నాకు మా చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా నాన్నగారికో పద్మిని ఉండేది. పక్కింటివాళ్ళకీ ఉండేది. ప్రహరీ గోడ తగాదాతో రెండిళ్ళకీ మాటల్లేవు. ఓ వానాకాలం పొద్దున్న, తాతగారికి ఒంట్లో బాగోలేక ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే మా కారు కదల్లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత పగిలిందన్నాడు మెకానిక్కు. షాపు తెరిచేసరికి పదవుతుంది. నాన్నగారు మొహమాటపడుతూ నిలబడ్డారు. పక్కింటాయన అంతా గోడ మీంచి చూస్తూనే ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా తన కారు బానెట్ ఎత్తి, మూత ఊడదీసి, గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. తగాదా ఇంకో రెండేళ్ళు నడిచింది. కాని ఆ పూట మా కారు నడిచింది. తాతగారు ఇంటికి తిరిగొచ్చారు.

ఎదుటివాడి బోల్టు, నా ప్రాణం

ఇదంతా మంచితనమేనా? మంచితనం ఉంది. దానితోపాటు భయమూ ఉంది. అది తెలిస్తేగాని ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత అవసరమో అర్థం కాదు.

ఈ కార్ల చక్రాలు బయటికి ఉంటాయని చెప్పాను కదా. పక్కపక్కనే పరుగెత్తేటప్పుడు ఒక కారు ముందు చక్రం ఇంకో కారు వెనక చక్రాన్ని తాకిందనుకోండి, తిరుగుతున్న చక్రం మీదికి తిరుగుతున్న చక్రం ఎక్కేస్తుంది. కారు గాల్లోకి లేస్తుంది. పైన కప్పు లేదు. ఆనాటి నిజమైన కార్లకి సీటు బెల్టులు కూడా ఉండేవి కాదు. అందుకే ఈ పందేల్లో నా కారు బాగుంటే సరిపోదు. నా పక్కవాడి కారూ బాగుండాలి. వాడి చక్రం ఊడితే అది వచ్చి తగిలేది నాకే!

లోహానికీ వయసు మీద పడుతుంది. ముఖ్యంగా మెగ్నీషియం కలిపిన పోత ముక్కలు. బరువు తక్కువని ఆ రోజుల్లో చక్రాలకీ, గేరుబాక్సు డొక్కులకీ దాన్ని తెగ వాడారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది లోలోపల తినేసుకుంటుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏదో ఓ రోజు మలుపులో పుటుక్కుమంటుంది.

అందుకని ముక్కల్ని విప్పి పరీక్ష చేయిస్తారు. పద్ధతి చాలా తేలిక. శుభ్రంగా కడిగిన ముక్క మీద ఎర్రటి ద్రవం పూసి కాసేపు ఉంచుతారు. తుడిచేసి పైన తెల్లటి పొడి చల్లుతారు. సన్నటి పగులు ఉంటే, అందులోకి ఇంకిన ఎరుపు పైకి ఊరి వెంట్రుకలాంటి గీతలా కనిపిస్తుంది. గీత కనిపించిందా, ఆ ముక్క ఎంత అపురూపమైనదైనా పక్కన పెట్టేయాల్సిందే. అప్పుడే కొత్త పోత కావాలి. పక్కవాడు కొలతలకి తన ముక్క ఇవ్వనంటే? బాధితుడు ఆ పగిలినదాన్నే అతికించుకుని పందేనికి వస్తాడు. ఆ పక్కవాడి పక్కనే నిలబడతాడు. ఇంతకన్నా చెప్పాలా!

మరో సంగతి కూడా ఉంది. ఎదురు నిలిచేవాడు లేకపోతే పందెమే లేదు. ఒక్క కారు మైదానంలో తిరిగితే అది షికారు. నలుగురి కార్లూ మూలన పడితే నా కారు ఎంత మెరిసినా అద్దాల గదిలో బొమ్మే.

ఆడవాళ్ళు ఎక్కడున్నారు?

మీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. ఇంట్లో ఖర్చుకి లెక్క చెప్పేదెవరు, పందెం రోజున గుండెలు చిక్కబట్టుకుని కూచునేదెవరు? నిజమే. ఆ పాత రోజుల్లో భార్యలే స్టాప్‌వాచీ పట్టుకుని ఏ కారు ఎన్ని చుట్లు తిరిగిందో, ఎంత సేపట్లో తిరిగిందో రాసేవాళ్ళు. ఇప్పటిలా కంప్యూటర్లు ఎక్కడివి! కళ్ళు ఆర్పకుండా, భర్త కారు ఒక్క నిమిషం కనపడకపోయినా చెయ్యి వణకకుండా ఆ పని చేయాలి.

1960ల్లో ఇంగ్లండులో రేసు డ్రైవర్ల భార్యలూ స్నేహితురాళ్ళూ కలిసి సొంతంగా ఓ సంఘం పెట్టుకున్నారు. అసలు పేరు పెద్దది కాని, అందరూ ముద్దుగా 'డాగ్‌హౌస్ క్లబ్' అనేవాళ్ళు. ఇంట్లో ఆవిడకి కోపం తెప్పించిన మగవాణ్ణి "కుక్కల గూట్లో ఉన్నాడు" అంటారు ఇంగ్లీషువాళ్ళు! ప్రపంచ విజేత గ్రహాం హిల్ భార్య బెట్ హిల్ లాంటివాళ్ళు అందులో ముందున్నారు. పార్టీలు చేసి, విరాళాలు పోగుచేసి మంచి పనులకి వాడేవాళ్ళు. ఆ రోజుల్లో పందేల్లో చావులు మామూలు. పొద్దున్న కలిసి టీ తాగిన ఇల్లాలు సాయంత్రానికి ఒంటరిదైపోయేది. ఒకరికొకరు తోడుండాలని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

భార్య స్థానంలోనే కాదు, స్టీరింగు వెనకా ఆడవాళ్ళున్నారు. ఇటలీకి చెందిన మరియా తెరేసా దె ఫిలిప్పిస్ 1958లోనే ఫార్ములా వన్ పందెంలో కారు నడిపింది. ఆ స్థాయికి చేరిన తొలి మహిళ ఆమే. పందేలు మానేశాక చాలా ఏళ్ళకి, పాత డ్రైవర్ల సంఘంలో చేరి ఉపాధ్యక్షురాలిగా కూడా పనిచేసింది.

మూడేళ్ళ ప్రపంచ యాత్ర

ఫార్ములా జూనియర్‌కి 60 ఏళ్ళు నిండుతున్న సందర్భంగా 2016 నుంచి 2018 దాకా సంఘంవాళ్ళు ఓ ప్రపంచ యాత్ర పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఉత్తర అమెరికా, యూరప్... ఖండాలు తిరిగి 2018లో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ముగించారు. ఊహించండి! ఊరు కాని ఊళ్ళో కారు ఆగిపోతే కొత్త ముక్క ఎవరిస్తారు? ఆ ఊళ్ళో అలాంటి కారే ఉన్న మనిషి. ఒకసారీ చూసి ఎరగని మనిషి. సంఘం లెక్కల పుస్తకంలో పేరు ఉంటే చాలు, తలుపు తట్టొచ్చు. ఎప్పుడో 1960ల్లో విదేశాలకి వెళ్ళిపోయిన కార్లు, ఇంగ్లండు నుంచి వచ్చిన తమ తోడబుట్టినవాటి పక్కన నిలబడి మళ్ళీ పరుగెత్తాయి.

మన దగ్గర మాటేమిటి?

మన దేశంలోనూ ఓ మహానుభావుడు లురానీ లాగే ఆలోచించాడు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్. 1980ల చివర్లో ఆయన మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెం కారు తయారుచేశాడు. 'ఫార్ములా మారుతి' అన్నారు దాన్ని. విదేశాల నుంచి లక్షలు పోసి కారు తెప్పించుకోలేని మన కుర్రవాళ్ళకి అదే తొలి మెట్టయింది. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఫార్ములా మారుతి మెట్టెక్కినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీద వెలిసిందే.

ఇక మన పద్మిని? దాని తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. 2023 అక్టోబరుతో బొంబాయి వీధుల్లో పద్మిని టాక్సీల రోజులూ ముగిశాయి. అయినా అక్కడక్కడా ఓ పద్మిని కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తూ కనిపిస్తుంది. ఆగి అడిగి చూడండి. "ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన ఈ ముక్క ఇచ్చాడమ్మా" అని తప్పకుండా చెబుతాడు ఆ యజమాని. ఇటలీ అక్కయ్యల్ని బతికిస్తున్నదీ, ఇక్కడి చెల్లెల్ని బతికిస్తున్నదీ ఒకటే అలవాటు.

వాళ్ళ దగ్గర మనం నేర్చుకోదగ్గవి

* వస్తువు కొన్నరోజే మోడలు నెంబరూ, కంపెనీ పేరూ ఓ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను, ఫ్యాను... అన్నిటివీ. షాపుకెళ్ళి "మాది నల్లది" అంటే లాభం లేదు.

* పాత ముక్కని కొత్తది బిగించేదాకా పారేయకండి. కొలతకి అదే ఆధారం.

* చెడిపోయిన మిషనుని పాత సామానువాడికి తూకానికి వేసేముందు, అలాంటిదే ఉన్నవాళ్ళు మీ వీధిలో ఎవరన్నా ఉన్నారేమో అడగండి. మీకు పనికిరాని మూత, పిడి, జారు వాళ్ళకి పెన్నిధి కావచ్చు.

* ఒకే రకం విడిభాగం నలుగురికి కావాలంటే కలిసి తెప్పించుకోండి. ఒక్క ముక్కకి రానివాడు నలుగురికైతే వస్తాడు.

* కొన్నిటిని మాత్రం ఎవరి దగ్గరా పాతవి తీసుకోకండి. గ్యాసు ట్యూబు, రెగ్యులేటరు, కుక్కరు సేఫ్టీ వాల్వు, కరెంటు తీగలు. పగులు కంటికి కనిపించదు. రేసుకారు యజమానులు కూడా పగిలినదాన్ని అతికించరు, కొత్తదే చేయిస్తారు!

* పెద్దవాళ్ళ చేతి కొలతలు అడిగి రాసుకోండి. ఆవకాయవైనా సరే, మిషను సూది ఎక్కించే తీరైనా సరే. "తర్వాత అడుగుదాంలే" అనుకున్నవే పోతాయి.

ఈసారి పక్కింటావిడ గ్రైండరు బెల్టు కోసం తలుపు తడితే విసుక్కోకండి. ముగ్గుల పోటీలో పోయినేడు మిమ్మల్ని ఓడించింది ఆవిడే అయినా సరే, అటకెక్కి వెతికి ఇవ్వండి. వచ్చే సంక్రాంతికి ఆవిడ ఉంటేనే కదా మనకీ పోటీ!